'ర'తో మొదలయ్యే పాట

నేను భయస్తుణ్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత చెప్పబోయేదాన్ని ఎవరూ ధైర్యసాహసాల కింద జమ కట్టరు. మా ఊళ్లో నా ఈడు పిల్లలంతా వ్యవసాయ బావుల్లో దూకి ఈత నేర్చుకుంటుంటే నేను గట్టు మీద వాళ్ల చొక్కాలకు కాపలా కూర్చునేవాణ్ని. మా నాన్న నా నడుముకు బెండ్లు కట్టి దింపబోయినా గట్టు పట్టుకుని వదల్లేదు. దుబాయ్ వచ్చాక భయాలు పెరిగాయే తప్ప తగ్గలేదు. రోడ్డు మీద స్పీడు పట్టే రాడార్ అంటే భయం, ఆఫీసు నంబర్ నుంచి ఫోన్ వస్తే భయం, వీసా రెన్యువల్ నెల వస్తే అన్నం సయించదు. మా కంపెనీ ముదీర్, అంటే మేనేజర్, మాత్రం పిరికివాడే మంచి డ్రైవర్ అని నలుగురిలో నన్ను మెచ్చుకునేవాడు. దానికి కొన్నాళ్లు మురిసిపోయాను కూడా.

2022లో షార్జాలో సముద్రం పక్కనే ఉండే ఒక జపాన్ వాళ్ల ఇంటికి నన్ను డ్యూటీకి పంపారు. సార్ ఒక ఫ్యాక్టరీకి మేనేజర్. ఆయన కారు ఆయనే నడుపుకుంటాడు. నన్ను పెట్టుకున్నది వాళ్లమ్మ కోసం. ఆమెకు డెబ్బై దాటాయి. భర్త పోయాక చాలాకాలం జపాన్‌లోనే ఒంటరిగా ఉండి, కరోనా సద్దుమణిగాక కొడుకు దగ్గరికి వచ్చింది. చిన్న మనిషి. మోకాళ్లు అరిగిపోయి కర్ర లేనిదే నడవలేదు. ఆమెకు సొంత భాష కాక నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. నాకు ఆమె భాషలో ఆ నాలుగు కూడా రావు.

డ్యూటీలో చేరేముందు కంపెనీ వాళ్లు మాకు బుద్ధులు చెప్పి పంపిస్తారు. అద్దంలో మేడమ్‌ను చూడొద్దు. అడగందే మాట్లాడొద్దు. తలుపు తీసి పక్కకు జరిగి నిలబడు. అన్నిటికంటే ముఖ్యం, మేడమ్‌ను ముట్టుకోవద్దు. మా రూములోనే ఒకతను, మేడమ్ మెట్టు మీద తూలితే మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఫిర్యాదు చేసింది. ఖలాస్, వారం తిరక్కముందే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. ఆమె నిజంగా పడబోతుంటేనే పట్టుకున్నాడో లేదో నాకు తెలియదు, అడగలేదు. అప్పటి నుంచి మా రూములో డ్రైవర్లందరం తలుపు తీశాక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం అలవాటు చేసుకున్నాం. మేడమ్ పడేట్టుంటే గొడుగు పిడి చాపాలి తప్ప చెయ్యి చాపకూడదని మాలో మేమే ఒక రూలు పెట్టుకున్నాం.

మొదట్లో కార్లో మా ఇద్దరి మధ్య ఏసీ చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఒంటెల్ని ఎక్కించుకున్న పికప్ మా పక్కన ఆగింది. ఆమె అద్దం మీద వేలితో కొట్టి "రకుద" అంది. ఒంటెను వాళ్లు అలా అంటారు. తర్వాత మూడు వేళ్లు చూపించి, ఒక్కొక్కటే మడుస్తూ "ర... కు... ద..." అంది. సంచిలోంచి అరచేతిలో పట్టేంత మైకు తీసింది. ఫోన్లో ఏదో నొక్కగానే కారు స్పీకర్లలో మ్యూజిక్ మొదలైంది, ఆమె పాడడం మొదలుపెట్టింది. పెద్దావిడకు ఏదో అయిందనుకున్నాను.

సంగతేమిటో సార్ చెప్పాడు. దుబాయ్‌లో ఒక రెస్టారెంట్ వెనక గదిలో జపాన్ ఆడవాళ్లు వారానికోసారి మధ్యాహ్నంపూట కలిసి కరోకే పాడతారట. అందులో ఒక ఆట ఉంది. ఎవరో ఒక మాట ఇస్తారు. ఆ మాటలో అక్షరాలు ఒక్కొక్కటీ వంతుల ప్రకారం ఒక్కొక్కరికి వస్తాయి. ఏ అక్షరం వస్తే ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పాట ఎంచుకుని పాడాలి. ఒకసారి పాడిన పాట మళ్లీ రాకూడదు. పాట దొరకనివాళ్లు అవుట్. "మా భాషలో 'ర'తో పాటలు తక్కువ. అమ్మ ఎప్పుడూ అక్కడే ఓడిపోతుంది. అందుకే దారిలో ప్రాక్టీసు చేస్తోంది" అన్నాడు సార్.

ప్రాక్టీసుకు ఎదురాడే మనిషి కావాలి కదా. నేను దొరికాను.

మనవాళ్లకు అంత్యాక్షరి ఎవరైనా నేర్పాలా? కాలేజీకి పోయే బస్సులో రెండేళ్లు ఆడినవాణ్ని. పైగా వాళ్ల అక్షరాలు వింటుంటే మన గుణింతం విన్నట్టే ఉంది. అ ఇ ఉ ఎ ఒ, క కి కు కె కొ, అంతే, ఒత్తులు లేవు, సంయుక్తాలు లేవు. ఇంకేం అనుకుని మొదటిసారి 'ర' నా వంతుకు రాగానే ఒక తెలుగు పాట ఎత్తుకున్నాను. ఆమె చప్పట్లు కొట్టి నవ్వింది. నవ్వి, తల అడ్డంగా ఊపింది. తెలుగు చెల్లదు. పాట మొదటి మాట కూడా చెల్లదు, పాట పేరే లెక్క. దాంతో నాకు పట్టుదల వచ్చింది. ఆమె పాడే పాటల పేర్లు అడిగి ఫోన్లో పెట్టుకుని రూములో కూర వండేటప్పుడు వినేవాణ్ని. అర్థం తెలియదు, బాణీ మాత్రం నోటికి పట్టేసేది.

"ఏందిరా, జపాన్ పిల్లను జూసుకున్నవా?" అని మా రూములోని జగిత్యాలాయన రోజూ ఆటపట్టించేవాడు.

"పిల్ల గాదు, అవ్వ" అనేవాణ్ని. వాళ్లు ఇంకా నవ్వేవారు.

ఆటలో ఆమె పెట్టిన నిబంధన ఒకటుంది. మొదలుపెట్టిన మాట పూర్తి కాకుండా కారు దిగదు. ఆఖరి అక్షరం నా మీద ఉండి నాకు పాట తట్టకపోతే, బిల్డింగు ముందు ఇంజిన్ నడుస్తుండగానే కూర్చుండేవాళ్లం. వాచ్‌మన్ గుర్రుగా చూసేవాడు. ఎప్పుడు సార్ బాల్కనీలోంచి చూస్తాడో, డ్యూటీ టైములో డ్రైవర్ పాటలు పాడుతున్నాడని కంపెనీకి చెప్తాడో అని నాకు చెమటలు పట్టేవి. ఆమె మాత్రం తాపీగా ఒళ్లో సంచి పెట్టుకుని నా పాట కోసం ఎదురుచూసేది. ఎలాగోలా పాడేవాణ్ని. అప్పుడు దిగేది.

2024 ఏప్రిల్‌లో వచ్చిన వాన గురించి ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు పొద్దున మా ఆవిడ ఫోన్ చేసింది.

"గాడ పెద్ద వాన పడ్తదంట. టీవీల జూపెడ్తుండ్రు. డ్యూటీకి పోకు" అంది.

"దుబాయ్‌ల వానేందే. గింతంత జల్లు పడి పోతది" అన్నాను.

నిజానికి నాకూ వెళ్లాలని లేదు. తెల్లవారుజామున గట్టిగానే కురిసింది. కానీ తర్వాత తెరిపిచ్చింది. ఆమెకు దుబాయ్ కుసైస్‌లో కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్. సార్ ముందురోజే రాస్ అల్ ఖైమా సైటుకు వెళ్లి అక్కడే ఉండిపోయాడు. రానని చెబితే ఏమంటారోనని బయల్దేరాను. భయం వల్ల మానాల్సిన పనిని ఇంకో భయం వల్ల చేశాను.

డాక్టర్ దగ్గర పని ముగించి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం. ఆకాశం ఆకుపచ్చగా ఉంది. మబ్బు నల్లగా ఉండడం చూశాను, ఎర్రగా చూశాను, పాకుడు పట్టిన నీళ్లలా పచ్చగా ఉండడం అప్పుడే చూడడం. రోడ్డు మీద లైట్లు వెలిగాయి. ఆమె కారెక్కి కూర్చుని, కిటికీలోంచి పైకి చూసి "సోర" అంది. ఆకాశం. రెండు వేళ్లు చూపించింది. 'సో' ఆమెది, 'ర' నాది. ఆమె 'సో'తో పాట పెట్టుకుని సన్నగా పాడుతుండగానే వాన విరుచుకుపడింది. వైపర్లు ఎంత కొట్టుకున్నా ముందున్న బండి ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనపడలేదు.

పెద్ద రోడ్డు మీద బండ్లు కదలడం మానేశాయి. ఇక్కడ నేను తెలివి ఉపయోగించాను. నేను ఉండేది ఆ దారిలోనే, అల్ నహ్దాలో. అక్కడి సందులన్నీ నాకు అరచేతిలో గీతలు. లోపలి నుంచి వెళ్తే త్వరగా ఇల్లు చేరొచ్చని పక్కకు తిప్పాను. రెండు మూడు సందులు బాగానే దాటాం. నాలుగో దానిలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ముందున్న వ్యాన్ నీళ్లు చిమ్ముకుంటూ దాటిపోయింది. దాని వెనకే నేను దిగాను. సగందూరం పోయాక ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేయబోయాను, కాలేదు. వెనక పాట కూడా ఆగింది. కాళ్ల కింద చల్లగా తగిలితే వంగి చూశాను. తలుపు సందుల్లోంచి నీళ్లు వస్తున్నాయి.

అప్పుడు నేను చేయాల్సింది ఏమిటో ఇప్పుడు ఎవరిని అడిగినా చెప్తారు. ఆమెను ఎత్తుకుని బయటపడాలి. నేను చేసింది, సార్‌కు ఫోన్ చేయడం. కలవలేదు. కంపెనీకి చేశాను. మోగి మోగి ఆగింది. పోలీసులకు చేశాను, లైన్లన్నీ బిజీ అని రికార్డు మాట్లాడింది. సార్‌కు మెసేజ్ కొట్టాను: కారు నీళ్లలో ఆగింది, మేడమ్‌ను ఎత్తుకుని దించాల్సి వస్తుంది, పర్మిషన్ ఇవ్వగలరా. పంపించి, టిక్కు రంగు మారుతుందేమోనని ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. నీళ్లు సీటు అంచుకు వచ్చాయి. కరెంటు పోతే అద్దాలు దిగవని అప్పుడు గుర్తొచ్చింది. గబగబా అన్ని అద్దాలూ దించాను. నాది దిగగానే వాన నా ముఖం మీద కొట్టింది.

గొడుగు పట్టుకుని కిటికీలోంచే బయటికి జారాను. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. నా జన్మలో అంత లోతు నీళ్లలో నిలబడలేదు. లోతు ఒక్కటే కాదు నా భయం. ఇక్కడ సందుల్లో వాన నిలిస్తే నీళ్లు పోవాలని ఎవరో ఒకరు మ్యాన్‌హోల్ మూతలు లేపేస్తారు. ఆ బురద నీళ్లలో ఎక్కడ నేల ఉందో ఎక్కడ గొయ్యి ఉందో కనపడదు. ఎదురుగా ఒక బకాలా, చిల్లర కొట్టు, సగం మునిగి ఉంది. దాని పక్కన బిల్డింగు మెట్లు. అక్కడ కొందరు మగవాళ్లు నిలబడి చేతులూపుతూ ఏదో అరుస్తున్నారు. మామూలు రోజున అంత దూరం ఒక సిగరెట్టు కోసం కూడా నడుస్తారు. ఆ రోజు అది నాకు గల్ఫ్ అంత కనపడింది.

వెనక తలుపు లాగాను. లోపల కూడా నీళ్లు నిండడంతో మెల్లగా తెరుచుకుంది. ఆమె సీటు మీద కాళ్లు ముడుచుకుని, సంచి తల మీద పెట్టుకుని కూర్చుంది. నేను గొడుగు పిడి ఆమె వైపు చాపాను.

"మేడమ్, కమ్. ప్లీజ్ కమ్."

ఆమె పిడి పట్టుకోలేదు. తల అడ్డంగా ఊపింది.

"మేడమ్, వాటర్ కమింగ్. కమ్, కమ్!"

మళ్లీ తల ఊపింది. జపాన్ భాషలో ఏదో గట్టిగా అంది. అప్పుడు నా బుర్రకు తట్టింది చూడండి, ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. మాట పూర్తి కాలేదు. 'సో' అయింది, 'ర' మిగిలింది. మొదలుపెట్టిన మాట అవ్వందే ఈమె ఎప్పుడైనా కారు దిగిందా? ముసలితనం, పైగా భయం, అందుకే ఆ నిబంధనను పట్టుకుని కూర్చుందనుకున్నాను. మా మేనత్త కూడా ఆఖరి రోజుల్లో ఇల్లు కాలుతున్నా జపం అయ్యేదాకా లేవనన్నట్టు ఉండేది. సరే, పాడేస్తే దిగుతుంది.

పాట రాలేదు. రెండేళ్లుగా కూరలో గరిటె తిప్పుతూ నేర్చుకున్న పాటల్లో ఒక్కటి కూడా గుర్తు రాలేదు. 'ర' పాటలు నాకు నాలుగైదు వచ్చు. ఒక్కదాని పేరు కూడా తట్టలేదు. నడుము నుంచి నీళ్లు కడుపు మీదికి వచ్చాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తెలుగు పాట ఒకటి ఎత్తుకున్నాను. 'ర'తోనే మొదలవుతుంది, వాన ఉన్న పాట కూడా కాదు, ఏదో పెళ్లి పాట. నోట్లోకి వాన నీళ్లు పోతుంటే అరుస్తూ పాడాను. మెట్ల మీది మనుషులు నాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు.

ఆమె నా వంక అలా చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. చేత్తో సీటు మీద గట్టిగా కొట్టింది. నీళ్లు ఎగిరాయి. తర్వాత వేలితో నా గుండె చూపించింది, మెట్ల వైపు చూపించింది.

"యు గో" అంది. "మీ, నో. యు గో!"

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆట గోల ఆమెకు లేనే లేదు. తనను వదిలేసి నన్ను పొమ్మంటోంది.

నిజం చెప్పాలంటే ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లంతా తేలికైంది. పెద్దావిడే పొమ్మంది. పర్మిషన్ దొరికింది. నేను మెట్ల వైపు తిరిగాను. రెండడుగులు వేశానో లేదో, కాలు దేనికో తగిలి, గొయ్యి అనుకుని గావుకేక పెట్టి మళ్లీ కారు తలుపు పట్టుకున్నాను. తీరా అది రోడ్డు మధ్య డివైడర్ అంచు. కానీ ఆ కేకతో నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె మీద కోపం, సార్ మీద, కంపెనీ మీద, ఆ మెసేజ్ మీద రంగు మారని టిక్కు మీద.

"నిన్ను ఈడ ఇడిసిపెట్టి నేను యాడికి పోవాలె! మీ కొడుక్కు ఏం జెప్పాలె! లే అవ్వా, లే! ఎక్కు నా ఈపు!" అని అరిచాను.

ఒక్క ముక్క ఆమెకు తెలియదు. నేను ఎక్కుతావా అని మళ్లీ అడగలేదు. గొడుగు వదిలేసి, ఆమె రెండు చేతులూ పట్టుకుని లాగి నా మెడ చుట్టూ వేసుకుని, వెనక్కి తిరిగి కూర్చున్నట్టు వంగాను. ఆమె పిడికిళ్లతో నా వీపు మీద కొట్టింది. "నో, నో" అంది. కాళ్లు నా చంకల కింద ఇరికించుకుని లేచాను. బియ్యం బస్తా అంత బరువు కూడా లేదు. ఆమె గోళ్లు నా మెడలో దిగాయి.

ఆ నడక గురించి నాకు సరిగ్గా గుర్తున్నది ఒక్కటే, గాలి ఆడలేదు. అడుగు ఎత్తితే గొయ్యిలో పెడతానేమో. ఎత్తకపోతే నీళ్లు పెరుగుతాయేమో. నేను మునిగితే ఆమె కూడా మునుగుతుంది. ఆ ఆలోచనతో సందు మధ్యలో బిర్రబిగుసుకుపోయి నిలబడ్డాను. నోరు తెరిచి పీలుస్తున్నా గాలి లోపలికి పోవడం లేదు.

ఆమెకు నా వీపు ఎంత వణుకుతోందో తెలిసే ఉంటుంది. కొట్టడం ఆపింది. నా చెవి దగ్గర నోరు పెట్టి "క" అంది.

ఆమె నా భుజం మీద చరిచి మళ్లీ "క" అంది.

'క'తో ఆమెకు బాగా ఇష్టమైన పాట ఒకటుంది. దాని మొదటి లైను నా నోటికి వచ్చింది. పాడానని అనను, కక్కాను. పాడాలంటే గాలి పీల్చాలి కదా, పీల్చాను. ఒక అడుగు పడింది. "మి" అంది. అది కూడా వచ్చింది. ఇంకో అడుగు. "స" అంది. ఏ మాటలోని అక్షరాలో నాకు తెలియదు, అసలు మాటే లేదేమో. ఆమె అక్షరం ఇస్తుంది, నేను అరుస్తాను, కాలితో ముందు తడిమి చూసి అడుగు వేస్తాను. మధ్యలో ఒకచోట నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. అక్కడ నాకు పాట రాలేదు, ఆమె అందుకుని తనే పాడింది. మెట్ల మీది నుంచి ఇద్దరు కుర్రాళ్లు గొలుసులా చేతులు పట్టుకుని దిగొచ్చి ఆమెను నా మీది నుంచి అందుకున్నారు.

"ఇటు రండి బాబూ, ఇటు! ఆవిడ్ని పైకి తీసుకెళ్లండి ముందు" అని ఒక ఆడమనిషి కేక పెట్టింది. కాకినాడ వైపు మనిషి, హాస్పిటల్లో నర్సు. మూడో అంతస్తులో వాళ్ల ఫ్లాట్‌లో పెద్దావిడ బట్టలు మార్చి, బీపీ చూసి, దుప్పటి కప్పింది. నేను వాళ్ల వంటింటి గడపలో కూర్చుని, నా చేతులు చూసుకుంటూ గట్టిగా ఏడ్చాను. కిటికీలోంచి చూస్తే మా కారు పైకప్పు ఒక్కటే కనపడుతోంది.

లిఫ్టు లేదు, కరెంటు లేదు, సందులో నీళ్లు తగ్గలేదు. ఆ నర్సు ఇంట్లోనే ఉండిపోయాం. పెద్దావిడ సోఫాలో కూర్చుని కిటికీలోంచి నీళ్లు చూస్తూ ఉండేది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అక్షరం ఇవ్వలేదు. నేను టీ తెచ్చిస్తే తీసుకునేది కాని నా ముఖం చూసేది కాదు. నేను ముట్టుకున్నందుకు, చేతులు పట్టి లాగినందుకు కోపమొచ్చిందని నాకు అర్థమైంది. ఆమె మోచేతుల మీద నా వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. మా ఆవిడ ఫోన్ చేస్తే, "బాగనే ఉన్న" అని పెట్టేశాను. టికెట్ చేతిలో పెట్టించుకుని పోయిన మా రూము మనిషే కళ్లముందు తిరిగాడు.

రోడ్లు కొంచెం తెరిపిన పడ్డాక సార్ వచ్చాడు. నడుము దాకా తడిసి, బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె చాలాసేపు మాట్లాడింది. రెండుసార్లు నా వైపు వేలు చూపించింది. చేతుల మీది కమిలిన గుర్తులు చూపించింది. నేను గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

సార్ లేచి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మకు నీ మీద చాలా కోపంగా ఉంది" అన్నాడు ఇంగ్లీషులో.

"సారీ సార్. నేను మీకు మెసేజ్ పెట్టాను సార్. పర్మిషన్ కోసం..."

"ముట్టుకున్నందుకు కాదు. పొమ్మంటే పోనందుకు."

"పోనందుకా సార్?" అన్నాను.

"మా ఊరు సముద్రం ఒడ్డున" అన్నాడు. "అక్కడ బడిలో పిల్లలకు ఒకటి నేర్పుతారు. నీళ్లు వస్తే ఎవరి మటుకు వాళ్లు కొండ మీదికి పరుగెత్తాలి. ఎవరి కోసమూ ఆగకూడదు, ఎవరినీ వెతుక్కుంటూ వెనక్కి రాకూడదు. తల్లి కోసం కూడా. అవతలివాళ్లు కూడా పరుగెత్తే ఉంటారని నమ్మాలి. అలా అందరూ ఆ మాట మీద ఉంటేనే అందరూ బతుకుతారు. మాకు సునామీ వచ్చిన రోజు అమ్మ అలాగే పరుగెత్తింది. నాన్న ఆ సమయానికి ఊరికి అవతలి వైపు ఉన్నాడు. ఆయన ఉన్న చోటే ఎత్తు. కానీ అమ్మ మోకాళ్లు అప్పటికే బాగుండేవి కావు. నడవలేదేమో, ఎత్తుకుని రావాలేమో అని ఇంటికి వెనక్కి వచ్చాడు." తల్లి వైపు తిరిగాడు. "ఇంట్లో ఎవరూ లేరు."

ఆమె సోఫా మీది నుంచి మమ్మల్ని చూస్తోంది. ఏం చెబుతున్నాడో ఆమెకు తెలుసు.

"అమ్మ నిన్ను ఒక మాట అడుగుతోంది. మళ్లీ ఎప్పుడైనా ఇలా నీళ్లు వస్తే, వదిలేసి పోతానని మాట ఇవ్వాలి. ఇస్తేనే నీ కారెక్కుతుందట. లేకపోతే వేరే డ్రైవర్‌ను చూసుకోమంటోంది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి నా వైపు చాపింది. వెనక కట్టుకున్న చేతులు విప్పి, దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. "యస్ మేడమ్, ఐ గో" అన్నాను. ఆమె నా ముఖం అంతా వెతికినట్టు చూసి, తల ఊపి, చెయ్యి వదిలేసింది.

ఇప్పటికీ ఆ ఇంట్లోనే చేస్తున్నాను. ఎక్కడ రెండు చినుకులు పడినా ఆమె వెనక సీట్లో ఉందంటే నా చూపు అద్దంలో ఆమె మీదికే పోతుంది. ఆమె పొమ్మన్నప్పుడు నా ఒళ్లు ఎంత తేలికైందో నాకు గుర్తుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటానేమోనని భయం.